జర్మనీలో కొత్త కాపురం: ఊరినుంచి ఏం తెచ్చుకోవాలి, ఇక్కడ ఏది ఎక్కడ కొనాలి

జర్మనీలో అద్దె ఇల్లు దొరకడం ఒక ఎత్తు, అందులో కాపురం పెట్టడం ఇంకో ఎత్తు. తాళం తీసి లోపలికి వెళ్తే వంటగదిలో పొయ్యి ఉండదు, సింకు ఉండదు, గోడలోంచి నీళ్ళ గొట్టాలు మాత్రం బయటికి వచ్చి ఉంటాయి. బల్బు ఉండాల్సిన చోట పైకప్పు నుంచి వైర్లు వేలాడుతుంటాయి. అన్ని ఇళ్ళూ ఇలా ఉండవు గానీ ఇలాంటివి చాలానే ఉంటాయి. ఇక్కడి పద్ధతి అది. వంటగది సామాను చాలాచోట్ల అద్దెకున్నవాళ్ళది, ఖాళీ చేసేటప్పుడు వాళ్ళు విప్పి పట్టుకుపోతారు. అందుకని ప్రకటన చూసేటప్పుడే 'ఐన్‌బౌక్యూషె', అంటే బిగించి ఉన్న వంటగది, అన్న మాట ఉందో లేదో చూసుకోండి. లేదంటే ఖాళీ చేస్తున్నవాళ్ళు తమ వంటగదిని కొంత సొమ్ముకి వదిలేసి వెళ్తామంటారు. బేరమాడి తీసుకోండి. కొత్తగా వంటగది బిగించుకోవడానికి డబ్బుతో పాటు వారాల తరబడి సమయం కూడా పోతుంది, ఆ వారాలన్నీ బయటి తిండే. విద్యార్థుల హాస్టళ్ళలో, సామానుతో అద్దెకిచ్చే ఇళ్ళలో ఈ బాధ లేదు.

ఇక మిగతా సామాను. ఏది మోసుకురావాలి, ఏది ఇక్కడ కొనాలి అన్నదానికి నాకు తెలిసిన లెక్క ఇది: మన వంటకే పనికొచ్చే పనిముట్లు ఊరినుంచి రావాలి. మోటారు ఉన్నవి, ఒంటికి తగిలేవి ఇక్కడ కొత్తవి కొనాలి. చెక్క సామాను ఇక్కడే పాతది తీసుకోవాలి. మిక్సీ లాంటి ఒకటి రెండు ఈ లెక్కకి లొంగవు, వాటి సంగతీ చెప్తాను.

సూట్‌కేసులో చోటు దేనికివ్వాలి

ముందు పొయ్యి గురించి తెలియాలి. ఇక్కడ గ్యాస్ పొయ్యి తక్కువ. చాలా ఇళ్ళలో గాజుపలక కింద ఎర్రగా కాలే కరెంటు పొయ్యి ఉంటుంది, కొత్తవాటిలో ఇండక్షన్ ఉంటుంది. చూడ్డానికి రెండూ నల్లటి గాజుపలకలే. ఇండక్షన్ మీద మామూలు అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు, రాగి, ఇత్తడి గిన్నెలూ అంతే. మీకు రాబోయే ఇంట్లో ఏ పొయ్యి ఉంటుందో బయల్దేరేటప్పుడు తెలియదు కాబట్టి రెండింటికీ పనికొచ్చేవే కొనాలి. చిన్న అయస్కాంతం ఒకటి గిన్నెల దుకాణానికి పట్టుకెళ్ళి పాత్ర అడుగున పెట్టి చూడండి. గట్టిగా పట్టుకుంటే ఆ పాత్ర రెండు పొయ్యిల మీదా పనిచేస్తుంది. అడుగు చదునుగా కూడా ఉండాలి. గుండ్రటి అడుగు బాణలి గాజుపలక మీద నిలవదు, నిలబెట్టినా మధ్యలో మాత్రమే కాలుతుంది.

కుక్కర్ తెచ్చుకోవాలా, ఇక్కడ కొనాలా? నిస్సందేహంగా తెచ్చుకోండి. ఇక్కడి ఫిస్లర్, డబ్ల్యూఎంఎఫ్ లాంటి కంపెనీలు దిట్టమైన స్టీలు కుక్కర్లు చేస్తాయి, ఏళ్ళ తరబడి మన్నుతాయి. కానీ అవి విజిల్ వెయ్యవు. లోపల ఆవిరి పెరిగేకొద్దీ మూత మీద చిన్న పుల్లలాంటిది పైకి లేస్తుంది, దాని మీది గీతలు చూసి వేడి తగ్గించి, అక్కణ్ణుంచి నిమిషాలు లెక్కపెట్టాలి. పప్పుకి ఇన్ని విజిళ్ళు, అన్నానికి ఇన్ని విజిళ్ళు అన్న లెక్కతో వంట చేసేవాళ్ళు పరాయి దేశంలో మొదటి నెలలోనే ఇంకో లెక్క నేర్చుకోవాల్సిన అవసరం లేదు. ఇండక్షన్ అడుగు ఉన్న 3 లీటర్ల స్టీలు కుక్కర్ ఇద్దరికి చాలు. దానికి సరిపోయే గాస్కెట్లు రెండు, వెయిట్ ఒకటి, సేఫ్టీ వాల్వ్ ఒకటి అదనంగా పెట్టుకోండి. ఇది మర్చిపోవద్దు. గాస్కెట్ వదులైపోతే ఆ కొలత రబ్బరు ఇక్కడి మామూలు దుకాణాల్లో దొరకదు, రెండు వందల రూపాయల రబ్బరు కోసం మంచి కుక్కర్ మూలనపడుతుంది.

మోటారు ఉన్నవి ఇక్కడే కొనమన్నాను గానీ మిక్సీ మాత్రం ఊరిదే కావాలి. ఇక్కడి కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్, అచ్చం మనదే. అమెరికా వెళ్ళేవాళ్ళకి 120 వోల్టులతో వచ్చే చిక్కు జర్మనీలో లేదు. ఇక్కడ దొరికే బ్లెండర్లు ఎక్కువగా సూపులకీ పళ్ళరసాలకీ చేసినవి. నీళ్ళు ఎక్కువ పోస్తేనే తిరుగుతాయి, మినప్పప్పు గట్టిగా రుబ్బడానికి గానీ ఎండుమిర్చి పొడికొట్టడానికి గానీ పనికిరావు. గుప్పెడు కొబ్బరి పచ్చడికి సరిపోయే చిన్న జారు వాటికి ఉండదు. రెండు జార్లతో 750 వాట్ల మిక్సీ తెచ్చుకుంటే టిఫిన్ల సమస్య తీరినట్టే. వెట్ గ్రైండర్ జోలికి వెళ్ళకండి, దాని రాళ్ళ బరువులో ఇంకో సంసారం సామాను పడుతుంది.

మిక్సీతో పాటు ప్లగ్గు గురించి కూడా చెప్పాలి. మన మూడు పిన్నుల ప్లగ్గు ఇక్కడి సాకెట్లో దూరదు. సాకెట్ గుండ్రటి గుంటలా ఉండి, దాని అంచుల్లో రెండు లోహపు పట్టీలు కనిపిస్తాయి. ఎర్త్ ఆ పట్టీలదే. విమానాశ్రయాల్లో అమ్మే చౌక ట్రావెల్ అడాప్టర్లలో చాలావాటికి ఆ పట్టీలని తాకే భాగం ఉండదు. ఫోను ఛార్జర్‌కి అది చాలు. మిక్సీకి మాత్రం ఎర్త్ ఉన్న అడాప్టరే వాడాలి, దీన్ని ఇక్కడ 'షూకో' రకం అంటారు. తడి చేతులతో ముట్టుకునే వస్తువు అది, పది యూరోలు మిగులుతాయని ఈ ఒక్క విషయంలో సర్దుకోకండి. ఇంకోటి, రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటిదాకా, ఆదివారం రోజంతా చప్పుడు చెయ్యకూడదని చాలా భవనాల నియమాల్లో ఉంటుంది. పిండి రుబ్బే పని శనివారం పగలు పెట్టుకుంటే ఇరుగుపొరుగుతో మాట రాదు.

ఇడ్లీ రేకులు, పోపుల పెట్టె, పప్పుగుత్తి, పట్టకారు, జంతికల గొట్టం, స్టీలు డబ్బాలు నాలుగు: ఇవి తేలిక, డబ్బాల్లో పొడులు నింపుకుని వస్తే చోటు కూడా కలిసొస్తుంది. ఇడ్లీ పాత్ర మొత్తం అక్కర్లేదు, రేకులు దిగే లోతైన గిన్నె, మూత ఇక్కడ ఎక్కడైనా దొరుకుతాయి. ఇనప దోసె పెనం వదిలెయ్యండి. బరువు, పైగా గాజుపలక మీద అటూ ఇటూ జరిపితే గీతలు పడతాయి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ గీతలకి అడ్వాన్సులోంచి కోత పెడతారు. అంచు పొట్టిగా ఉండే పాన్‌కేక్ పెనం ఇక్కడ ఏ పెద్ద సూపర్ మార్కెట్లోనైనా ఉంటుంది, దోసె చక్కగా లేస్తుంది. రైస్ కుక్కర్ ఆసియా దుకాణాల్లో ఉంటుంది, మొయ్యనక్కర్లేదు.

దేవుడి సామాను ఎలాగూ పెట్టుకుంటారు. కుందులు, ఒత్తులు, పసుపు, కుంకుమకి ఇబ్బంది లేదు. కర్పూరం, ఎండుకొబ్బరి మాత్రం మంట అంటుకునే సరుకని విమానాశ్రయంలో తీసేస్తారు.

తిండి సరుకు విషయంలో ఐరోపా యూనియన్ నియమం గట్టిది. పాలతో చేసినవి, మాంసంతో చేసినవి భారతదేశం నుంచి వెంట తెచ్చుకోకూడదు. అంటే నెయ్యి డబ్బా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి రావు. పార్సిల్లో పంపించినా అదే నియమం. 2019 డిసెంబరు 14 నుంచి తాజా ఆకులు, కూరగాయలు, పళ్ళకి కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కొబ్బరికాయ, అరటి, అనాస, ఖర్జూరం, డ్యూరియన్‌ పళ్ళకి మాత్రమే మినహాయింపు. కరివేపాకు కట్ట, మామిడిపళ్ళు కస్టమ్స్ దగ్గర చెత్తబుట్టలో పడటం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆవకాయ, గోంగూర, పొడులు తెచ్చుకోండి, బాగా సీలు చేయించి.

మందులు మీ సొంతానికి మూడు నెలల వాడకానికి సరిపడా తెచ్చుకోవచ్చు, చీటీతో సహా.

దుప్పట్లు మొయ్యకండి

పెద్దవాళ్ళు ఎంత బతిమాలినా పరుపు దుప్పట్లు, బొంతలు సూట్‌కేసులో పెట్టకండి. ఇక్కడ మంచాల కొలతలు వేరు: ఒక్కరికి 90×200 సెంటీమీటర్లు, కాస్త వెడల్పైతే 140×200. పరుపు మీదకి అంచుల్లో ఎలాస్టిక్ ఉన్న దుప్పటి వాడతారు. కప్పుకునే బొంత 135×200, దిండు 80×80, అచ్చంగా చతురస్రం. దంపతులైనా ఎవరి బొంత వారిదే. మన గలేబులు ఈ దిండుకి సరిపోవు. సెంట్రల్ హీటింగ్ ఉన్న ఇంట్లో మన బరువు రగ్గుల అవసరమూ ఉండదు. ఈ సరుకంతా ఐకియాలోనూ, చవక దుకాణాల్లోనూ కొత్తది కొనండి. పరుపు పాతది ఉచితంగా ఇస్తామన్నా తీసుకోకండి. నల్లి పట్టిన పరుపు ఇంటికి తెచ్చుకుంటే దాన్ని వదిలించుకోవడానికి అయ్యే ఖర్చుతో మూడు కొత్త పరుపులు వస్తాయి.

ఏ దుకాణం దేనికి

మన ఊళ్ళో కిరాణా కొట్టులో పప్పు, సబ్బు, జ్వరం మాత్ర, బల్బు నాలుగూ దొరుకుతాయి. ఇక్కడ ఆ నాలుగింటికీ నాలుగు దుకాణాలు. కొత్తగా వచ్చినవాళ్ళు అలిసిపోయేది ఇక్కడే.

తిండికి ఆల్డీ, లిడిల్, పెన్నీ, నెట్టో చవక. రేవె, ఎడెకాల్లో రకాలు ఎక్కువ, ధర కొంచెం ఎక్కువ. పాలు, గుడ్లు, నూనె, ఉల్లిపాయలు, పంచదార లాంటి నిత్యావసరాలకి చవక దుకాణమే చాలు. నాణ్యతలో తీసిపోవు. ఆల్డీ, లిడిల్‌లో ఇంకో సౌకర్యం ఉంది. వారం వారం మారే సామాను అంటూ ఒక వరస ఉంటుంది: ఒక వారం గిన్నెలు, ఒక వారం బట్టలు ఆరేసే స్టాండు, ఇంకో వారం ఇస్త్రీపెట్టె. ధర తక్కువ, సరుకు గట్టిది, అయిపోతే మళ్ళీ నెలలదాకా రాదు. వాళ్ళ యాప్‌లో రాబోయే వారం జాబితా ముందే చూసుకోవచ్చు. తొందరలేని వస్తువులకి ఇంతకన్నా మంచి చోటు లేదని నా అభిప్రాయం.

సబ్బులు, బట్టల పొడి, ఫినాయిల్ లాంటివి, పిల్లల డైపర్లకి డీఎం గానీ రాస్‌మన్ గానీ. రెండింటికీ సొంత బ్రాండ్లున్నాయి, పేరున్న కంపెనీ సరుకు కన్నా బాగా చవక, వాడకంలో తేడా కనిపించదు. బట్టల పొడి కొనేటప్పుడు డబ్బా మీద చూడండి: 'ఫోల్‌వాష్‌మిట్టెల్' అన్న పొడి తెల్లబట్టలకి, అందులో తెలుపు తెచ్చే రసాయనం ఉంటుంది. రంగు చుడీదార్లు, చీరలకి 'కోలోర్' అని రాసి ఉన్నది వాడాలి. ఇక్కడ చాలా ఊళ్ళలో నీళ్ళు కఠిన జలం. కెటిల్‌లో, కుళాయిల మీద తెల్లటి పొర కడుతుంది. దానికి ఖరీదైన ద్రావకాలు అక్కర్లేదు, ఇదే దుకాణంలో సిట్రిక్ యాసిడ్ పొడి దొరుకుతుంది, చన్నీళ్ళలో కలిపి పోస్తే అరగంటలో వదులుతుంది.

జ్వరం మాత్రలు ఈ దుకాణాల అరల్లో ఉండవు. ఎర్రటి 'ఎ' అక్షరం గుర్తున్న ఆపోథేకెకి, అంటే మందుల కొట్టుకి, వెళ్ళాలి. రాత్రిపూట, ఆదివారం ఊళ్ళో ఏదో ఒక ఆపోథేకె వంతులవారీగా తెరిచి ఉంటుంది.

బల్బు హోల్డర్లు, కర్టెన్ రాడ్లు, మేకులు, ఎక్స్‌టెన్షన్ బోర్డులకి ఓబీ, బౌహౌస్, హోర్న్‌బాఖ్. గిన్నెలు తోమే పీచు, హ్యాంగర్లు, ప్లాస్టిక్ డబ్బాలు, తలుపు దగ్గర పట్టా లాంటి చిల్లర సామానుకి యాక్షన్, టెడీ, వూల్‌వర్త్. వీటిలో చవకే ప్రధానం, కాబట్టి కరెంటుతో నడిచేవి, తిండి వేడిగా వడ్డించే ప్లాస్టిక్ ఇక్కడ కొనొద్దు.

2018లో హైదరాబాద్‌లో తెరిచాక ఐకియా మనవాళ్ళకి కొత్తేం కాదు. కొత్త కాపురానికి ఒక్క రోజులో ఎక్కువ సామాను సమకూరే చోటు అదే. గిన్నెలు, కంచాలు, దీపాలు, పరుపులు తీసుకోండి. బీరువాలు, బల్లలు మాత్రం ముందు పాతవాటిలో వెతికి, దొరక్కపోతేనే అక్కడ కొనండి. దుకాణం చివర్లో వాపసు వచ్చిన, ప్రదర్శనకి పెట్టిన సామాను తక్కువ ధరకి అమ్మే మూల ఒకటి ఉంటుంది, అక్కడ బిగించి ఉన్న బల్లలే దొరుకుతాయి.

పాతది, కొత్తది

జర్మనీలో పాత సామాను కొనడం నామోషీ కాదు, బాగా సంపాదించేవాళ్ళూ కొంటారు. 'క్లైన్‌అన్‌త్సైగెన్' అనే సైటు దీనికి పెద్ద సంత. ఇది ఒకప్పుడు ఈబే పేరుతో ఉండేది, 2023లో ఆ పేరు తీసేశారు. ధర పక్కన 'వీబీ' అని ఉంటే బేరం ఆడొచ్చని. ఉచితంగా ఇచ్చేవాటికి వేరే విభాగం ఉంది, ఇల్లు మారేవాళ్ళు నెలాఖరున సోఫాలు, బల్లలు అందులో పెడుతుంటారు. మర్యాదగా నాలుగు వాక్యాలు జర్మన్‌లో రాసి, ఏ రోజు ఎన్నింటికి వస్తారో చెప్పినవాళ్ళకే ఇస్తారు. 'ఉందా?' అని ఒక్క ముక్క పంపితే జవాబు రాదు. స్వయంగా వెళ్ళి, చూసి, నగదు ఇచ్చి తెచ్చుకోండి. డబ్బు ముందే పంపమన్నా, ఏదో లింకు నొక్కి కార్డు వివరాలు ఇమ్మన్నా అక్కడితో ఆపెయ్యండి. కొత్తగా వచ్చినవాళ్ళ తొందరే మోసగాళ్ళకి పెట్టుబడి.

సైటు వద్దనుకునేవాళ్ళకి 'సోత్సియాల్‌కౌఫ్‌హౌస్' అనే సేవాసంస్థల దుకాణాలున్నాయి. దానంగా వచ్చిన సామాను శుభ్రం చేసి అమ్ముతారు. ధర సైటు కన్నా కొంచెం ఎక్కువైనా ముట్టుకుని చూడొచ్చు, కొన్నిచోట్ల ఇంటికి తెచ్చిపెడతారు కూడా. మంచం చట్రం, బల్ల, కుర్చీలు, పుస్తకాల అర, సైకిలు, పింగాణీ కంచాలు ఇలా కొనడమే తెలివి.

ఫ్రిజ్ దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. ఇక్కడ ఇంటి కరెంటు యూనిట్ దాదాపు 40 సెంట్లు. ఏడాదికి 300 యూనిట్లు తాగే పాత ఫ్రిజ్‌కీ, 150 యూనిట్లతో నడిచే కొత్తదానికీ ఏడాదికి 60 యూరోల తేడా. ఎక్కువ ఏళ్ళు ఉండేవాళ్ళకి ఉచితంగా వచ్చిన ఫ్రిజ్ కన్నా కొన్నదే చవక. కొత్త వస్తువు మీద ఎ నుంచి జి దాకా కరెంటు గుర్తు, ఏడాది వాడకం యూనిట్లలో రాసి ఉంటాయి, ధర పక్కన అది కూడా చదవండి. కొత్తదానికి అమ్మినవాళ్ళు రెండేళ్ళు బాధ్యులని చట్టం చెప్తుంది, ఆన్‌లైన్‌లో కొంటే 14 రోజుల్లో కారణం చెప్పకుండా వాపసు ఇవ్వొచ్చు. విడిగా ఒకరి దగ్గర కొన్న పాత వాషింగ్ మెషీన్‌కి ఈ రెండూ ఉండవు. ఏడాదిలోపు వెళ్ళిపోయే విద్యార్థికైతే లెక్క తిరగబడుతుంది: పాత ఫ్రిజ్ తీసుకోండి, బట్టలకి భవనం కింద ఉండే ఉమ్మడి మెషీన్ వాడుకోండి.

స్నానాల గది

ఎవరూ ముందుగా చెప్పని విషయం ఇది. ఇక్కడి స్నానాల గది నేలకి చాలా ఇళ్ళలో నీళ్ళు పోయే దారి ఉండదు. బకెట్టు పెట్టుకుని పీట మీద కూర్చుని స్నానం చెయ్యాలంటే టబ్బులోనో షవరు పళ్ళెంలోనో మాత్రమే. బయట నీళ్ళు ఒలికితే కింది ఇంటి పైకప్పు తడుస్తుంది, మరమ్మతు ఖర్చు మీ మీద పడుతుంది. పది లీటర్ల బకెట్టు ఏ దుకాణంలోనైనా ఉంటుంది. చెంబుకి బదులు పిండి, పాలు కొలిచే లీటరు ప్లాస్టిక్ జగ్గు కొనుక్కోండి, పిడి కూడా ఉంటుంది. మరుగుదొడ్డిలో మన హ్యాండ్ షవరు ఉండదు. మొక్కలకి నీళ్ళు పోసే చిన్న క్యాను చాలామంది మనవాళ్ళ ఇళ్ళలో కనిపిస్తుంది, పొడుగు ముక్కు వల్ల అది జగ్గు కన్నా నయం. కుళాయికి బిగించే గొట్టం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది గానీ, ఇంటి యజమానిని అడక్కుండా బిగించకండి. కారిందంటే గొడవ.

భారతీయ కొట్టా, టర్కీ కొట్టా

సోనా మసూరి, మినప్పప్పు, కందిపప్పు, చింతపండు, ఇంగువ, గోధుమపిండి భారతీయ దుకాణాల్లోనే కొనాలి. ఈ కొట్లు చాలావరకు పెద్ద ఊళ్ళలోనే ఉంటాయి. చిన్న ఊళ్ళో ఉంటే నెలకోసారి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం మేలు, పెద్ద ఆర్డరుకి రవాణా ఖర్చు కలిసొస్తుంది. కొత్తిమీర, పుదీనా, వంకాయలు, బెండకాయలు, శనగలు, ఎర్ర కందిపప్పు టర్కీ కొట్లలో తాజాగా ఉంటాయి. అక్కడ కొత్తిమీర కట్ట నిజంగా కట్టే, సూపర్ మార్కెట్లో నాలుగు రెమ్మలు ప్లాస్టిక్‌లో పెట్టి అమ్ముతారు. కిలో పెరుగు డబ్బాలు కూడా టర్కీవే చిక్కగా, కమ్మగా ఉంటాయి, తోడుకి పనికొస్తాయి. కరివేపాకు, ములక్కాడలు, కొబ్బరి తురుము కోసం శ్రీలంక తమిళులు నడిపే కొట్లో, వియత్నాం వాళ్ళ ఆసియా కొట్లో చూడండి. ఉప్మాకి రవ్వ మాత్రం ఏ జర్మన్ దుకాణంలోనైనా 'గ్రీస్' పేరుతో ఉంటుంది. మైదా బదులు 405 నంబరు గోధుమపిండి.

విమానం టికెట్ కొనేటప్పుడే వారం చూసుకోండి. ఆదివారం దుకాణాలన్నీ మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని, పెట్రోలు బంకులు మాత్రమే తెరిచి ఉంటాయి. బవేరియాలో మామూలు రోజుల్లో కూడా రాత్రి ఎనిమిదింటికే కట్టేస్తారు. మంగళ, బుధవారాల్లో దిగితే ఐకియాకి ఒక పూట, డీఎంకి ఒక గంట, బియ్యం కొట్టుకి ఒక సాయంత్రం దొరుకుతాయి. శనివారం రాత్రి దిగక తప్పని పక్షంలో రెండు రోజుల తిండి, ఒక రగ్గు, ఒక సబ్బు, టాయిలెట్ పేపరు చుట్ట, ఎర్త్ అడాప్టరు చేతి సంచిలోనే పెట్టుకోండి.